పేరుకు ముందు దారి

పాఠశాలా వార్షికపత్రికయందు కంప్యూటరును గూర్చిన వ్యాసమనగానే చదువరులు రెండు విధములైన మాటల కెదురుచూతురు. అది లోకము నుద్ధరించునని యొకరును, బాలురను చెఱచునని వేఱొకరును వ్రాయుట పరిపాటియై పోయినది. నేనీ రెంటిలో దేనిని గూర్చియు వ్రాయబోవుట లేదు. నా విషయము మిక్కిలి చిన్నది. ఒక పత్రమునందు ‘పేరు’ అను మాట కనబడినప్పుడు, అది ఎవరి పేరో యంత్రము ఎట్లు తెలిసికొనును? ఈ ప్రశ్నను తేలికగా నెంచి మూడేండ్ల క్రిందట నేను చేసిన పొరపాటు మన పాఠశాలలో పలువురకు జ్ఞాపకముండియే యుండును. తెలియనివారి కొఱకు చెప్పెదను.

ఆ యేడు వార్షికోత్సవమునకు ప్రశంసాపత్రములను చేతితో వ్రాయక అచ్చు వేయింపవలెనని నిశ్చయమైనది. విద్యార్థుల పట్టిక కంప్యూటరులో నుండెను. దాని నక్కడనుండి ఎక్స్‌ఎమ్‌ఎల్ అను రూపమున బయటికి తీయవచ్చును. ఎక్స్‌ఎమ్‌ఎల్ అనునది 1998వ సంవత్సరము ఫిబ్రవరి 10వ తేదీన ప్రపంచ వెబ్ సంఘమువారు ప్రమాణముగా ప్రకటించిన వ్రాతపద్ధతి. ఇందు ప్రతి విషయమునకును ముందొక ట్యాగు, వెనుకనొక ట్యాగు ఉండును. ఒక ట్యాగు కడుపులో మఱికొన్ని ట్యాగు లిముడును. ట్యాగుల పేర్లు మనము పెట్టుకొనునవే. ఆంగ్లముననే యుండవలెనను నిర్బంధమేమియు లేదు. తెలుగక్షరములకు మొదటి కూర్పునందే చోటు గలదు. నా పత్రము ఈ విధముగా నుండెను:

<విద్యార్థులు>
  <విద్యార్థి>
    <పేరు>బాలిక పేరు</పేరు>
    <తరగతి>8</తరగతి>
    <తండ్రి>
      <పేరు>తండ్రి పేరు</పేరు>
      <వృత్తి>కర్మాగార కార్మికుడు</వృత్తి>
    </తండ్రి>
  </విద్యార్థి>
</విద్యార్థులు>

చదువరికిది స్పష్టముగనే యున్నది. కాని ప్రోగ్రామునకు ఇది వట్టి యక్షరముల వరుస. దానికి కావలసినది ‘విద్యార్థి’ అను ఆబ్జెక్టు, అనగా పేరు, తరగతి మొదలగు గుణములతో కూడి, అడిగినంతనే ప్రత్యుత్తరమియ్యగల వస్తువు. వ్రాతను వస్తువుగా మార్చు ఈ పనికై జావా భాషయందు ‘డైజెస్టర్’ అను సాధన మున్నది. జీర్ణము చేయునదని దాని యర్థము. పేరు పెట్టినవారికి హాస్యరసము తెలియునని తలచెదను. క్రెయిగ్ మెక్‌క్లానహన్ అను ప్రోగ్రామరు 2000వ సంవత్సరమున ‘స్ట్రట్స్’ అను చట్రమును నిర్మించినప్పుడు, దాని యమరిక పత్రమును చదువుటకై ఇది పుట్టినది. తరువాత అపాచీ సంస్థవారు దీనిని వేఱు చేసి యెల్లరకు నుపయోగపడునట్లు చేసిరి. హైదరాబాదు అమీరుపేటలోని శిక్షణాలయములలో ఆ కాలమున జావా నేర్చిన మన పూర్వవిద్యార్థులు స్ట్రట్స్ పేరు నెఱుగుదురు. స్ట్రట్స్ మొదటి తరము 2013వ సంవత్సరముతో ముగిసినది. డైజెస్టర్ పద్ధతి మాత్రము నేటికిని టామ్‌క్యాట్ అను సర్వరులో నడచుచునే యున్నది.

డైజెస్టర్ పని చేయు తీరు వినసొంపైనది. అది పత్రమును మొదటినుండి తుదివఱకు ఒక్కమాఱే చదువును. వెనుకకు తిరిగి చూడదు. ఒక ట్యాగు తెఱచుకొనగానే తానున్న దారికి ఆ పేరు చేర్చుకొనును, మూసికొనగానే తీసివేయును. పై పత్రమున బాలిక పేరు చదువునప్పుడు దారి ‘విద్యార్థులు/విద్యార్థి/పేరు’ అగును. తండ్రి పేరు చదువునప్పుడు ‘విద్యార్థులు/విద్యార్థి/తండ్రి/పేరు’ అగును. ప్రోగ్రామరు చేయవలసినదెల్ల, ఏ దారిలో ఏమి చేయవలెనో నియమములుగా చెప్పుటయే. ‘ఈ దారి తగిలినచో క్రొత్త యాబ్జెక్టును సృజింపుము’ అనునది యొక నియమము. ‘ఈ దారిలోని యక్షరములను ఫలానా గుణమునం దుంచుము’ అనునది యింకొకటి. సృజింపబడిన యాబ్జెక్టులను అది దొంతిగా పేర్చును. మన యిండ్లలో కుండలదొంతి యెట్టిదో ఇదియు నట్టిదే: కడపట పెట్టినది పైనుండును, పైనున్నదే ముందుగా దిగును. ‘విద్యార్థి’ ట్యాగు తెఱచినప్పు డొక యాబ్జెక్టు దొంతిపై కెక్కును. ఆ ట్యాగు మూసినప్పుడు దిగును. దిగుటకు ముందు తన క్రిందనున్న పట్టికకు అప్పగింపబడును. ఒకే దారికి పలు నియమములున్నచో, తెఱచునప్పుడు వ్రాసిన వరుసను, మూయునప్పుడు తలక్రిందులుగను అవి నడచును. సృజించినవాడే చివరకు దింపవలెను గదా.

ఇక నా తప్పు. పూర్తి దారి వ్రాయుటకు బద్ధకించి, నేను ‘*/పేరు’ అని వ్రాసితిని. నక్షత్రపు గుర్తునకు ‘దారి ఏదైనను సరే’ అని యర్థము. ఎక్కడ పేరు అను ట్యాగు కనబడినను దానిలోని యక్షరములను దొంతిపైనున్న యాబ్జెక్టునకు పేరుగా పెట్టుమని నేను చెప్పినట్లయినది. యంత్రము చెప్పినట్లే చేసినది. ముందు బాలిక పేరు కనబడగా దానిని పెట్టినది. పిమ్మట తండ్రి పేరు కనబడినది. తండ్రి కొఱకు వేఱొక యాబ్జెక్టును సృజింపుమని నేను నియమము వ్రాయలేదు. కావున దొంతిపై నున్నది ఇంకను ఆ బాలికయే. బాలిక పేరు చెరిపివేసి దానిపై తండ్రి పేరు వ్రాసినది. ఒక్క హెచ్చరిక లేదు, ఒక్క లోపసూచన లేదు. పత్రములన్నియు చక్కని యక్షరములతో అచ్చు పడినవి.

మొదటి నాలుగైదింటిని నేను చూచితిని. పెద్దవారి పేర్లవలె నున్నవని యెంచక, చక్కగా వచ్చినవని సంతసించి కట్ట కట్టితిని. వేదికపై తొమ్మిదవ తరగతి బాలికకు తెలుగు వ్యాసరచనలో ప్రథమ బహుమతి యని చదువబోయి ప్రధానోపాధ్యాయులవారు ఆగిపోయిరి. ఆమె తండ్రి పేరు వారి నోట వెలువడగా సభలో నున్న ఆయనయే లేచి నిలిచెను. నవ్వు లెట్లు చెలరేగినవో వ్రాయ నక్కఱలేదు. మరుసటి దినమున పత్రములన్నియు తిరిగి చూడగా ఒక వింత తెలిసినది. మువ్వురు బాలుర పత్రములు మాత్రము సరిగా నుండెను. వారు వసతిగృహమున నుండువారు, తండ్రులు లేనివారు. వారి వివరములలో ‘తండ్రి’ అను ట్యాగే లేదు. చెరిపివేయుటకు రెండవ పేరు రానందున వారి పేర్లు నిలిచినవి. ఈ మువ్వురి పత్రములను ముందుగా చూచియుందునేని నా ప్రోగ్రాము నిర్దోషమని ప్రమాణము చేసియుందును. తప్పు నియమము కొన్నిచోట్ల సరియైన ఫలమిచ్చుటకంటె ప్రమాదకరమైనది వేఱొకటి లేదని నాకు నాడు తెలిసినది.

సవరణకు పట్టినది అయిదు నిమిషములు. రెండు దారులను పూర్తిగా వ్రాసి, తండ్రికి వేఱొక యాబ్జెక్టును సృజించితిని. డైజెస్టరులో పూర్తి దారితో వ్రాసిన నియమము నక్షత్రపు నియమమును త్రోసిపుచ్చును. రెండు నక్షత్రపు నియమములు పోటీపడినచో పొడవైనదే గెలుచును. కావున పూర్తిగా చెప్పినవాని మాటకే విలువ యెక్కువ. పత్రములను మరల అచ్చు వేయించి యిచ్చితిమి. పాతవానిని చించివేయబోగా ఆ తొమ్మిదవ తరగతి బాలిక తండ్రి వచ్చి, తన పేరుగలది తనకిమ్మని యడిగి తీసికొనిపోయెను. తెలుగు వ్యాసరచనలో ప్రథమ బహుమతి. ఆయన బొంతపల్లి వైపు ఒక కర్మాగారమున రాత్రి పాళీ పనివాడు.

ఇందు నా యభిప్రాయమేమన, మాటకు అర్థము మాటలో లేదు, అది నిలిచిన చోట నున్నది; నియమము వ్రాయువాడు ఆ చోటును పూర్తిగా పేర్కొనవలెను. ఇది కంప్యూటరు తెలిసినవారికే చెందిన మాట కాదు. మన పాఠశాలలో దరఖాస్తులు నింపు ప్రతి తండ్రికిని, ప్రతి గుమాస్తాకును చెందినది. కొత్తపల్లి యను గ్రామము మన మండలమున నున్నది. తెలంగాణమున ఆ పేరుగల గ్రామము లింకెన్నియో యున్నవి. గుమ్మడిదల యనగా ఊరా, మండలమా? రెండును. ‘గుమ్మడిదల’ అని మాత్రమే వ్రాసిన చిరునామాలో దారి తెలియనిదే అర్థము తేలదు. మఱియు ఆ దారియు స్థిరము కాదు. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ వఱకు మన యూరు మెదక్ జిల్లాలో జిన్నారం మండలమునకు చేరినది. నాటినుండి సంగారెడ్డి జిల్లాలో తన పేరి మండలమునకే చేరినది. ఊరు ఒక్క అడుగైనను కదలలేదు. దారి మాత్రము మాఱినది.

దారి మాఱినప్పుడు ఏమగునో విచారింపుడు. ఇది నక్షత్రపు తప్పుకంటె మౌనమైనది, కావున ఇంకను చెడ్డది. డైజెస్టరు తాను చదువు దారికి ఏ నియమమును తగులనిచో ఆ ట్యాగును విడిచి ముందునకు సాగిపోవును. తగవులాడదు, ఫిర్యాదు చేయదు. పాత దారికి వ్రాసిన నియమము పాతదారిలో కూర్చుండియే యుండును. క్రొత్త దారిలో వచ్చిన విషయము దాని ప్రక్కనుండియే వెడలిపోవును. పట్టికలో ఆ గడి ఖాళీగా నుండును, అంతే. అది ఒక బిడ్డ విద్యార్థివేతనపు బ్యాంకు సంఖ్య యైనచో ఆ ఖాళీ గడి ఎంతటిదో తల్లిదండ్రు లెఱుగుదురు. ‘మీ పిల్లవాని వివరములు రాలేదు’ అని కార్యాలయములలో చెప్పుట మనమందఱము విన్నదే. వివరములు పంపినవాడు పంపితిననును, చూచినవాడు రాలేదనును, ఇద్దఱును నిజమే చెప్పుచుందురు. నడుమ నున్న నియమమును అడిగినవారు లేరు.

కొందఱు దీనిని సుగుణ మందురు. పత్రమున క్రొత్త ట్యాగులు చేర్చినను పాత ప్రోగ్రాములు విఱుగక నడచునని వారి వాదము. ఇందు సత్యము లేకపోలేదు. పత్రమును పంపువాడు ఒకడు, చదువువాడు వేఱొకడు అయినప్పుడు కొంత యోర్పు కావలయును. కాని ఓర్పు వేఱు, చూడకపోవుట వేఱు. విడిచిపెట్టినదానిని విడిచితినని చెప్పి విడువవచ్చును గదా. టామ్‌క్యాట్ సర్వరు ఈ విషయమున మేలైనది: దాని యమరిక పత్రమున తనకు తెలియని గుణము కనబడినచో, ఆగిపోక, ‘ఫలానా దారిలో ఫలానా గుణమునకు సరిపోవునది దొరకలేదు’ అని దారితో సహా చిట్టాలో వ్రాసి ముందునకు సాగును. ఎక్లిప్స్ అను పరికరముతో జావా నేర్చినవారు ఈ హెచ్చరికను చూచి విసుగుచెందియుందురు. నేనును విసిగినవాడనే. ఇప్పుడు మాత్రము ఆ విసుగే మేలనుచున్నాను. నా ప్రోగ్రామునకు నేనొక చిట్టా చేర్చితిని. ఏ నియమమునకును చిక్కని దారులన్నియు అందు పడును. ప్రతి యేడు జూన్ నెలలో దానిని చదువుట నాకు హాజరుపట్టీ చదువుటవంటి పని యైనది.

ఇచ్చట పేర్లను గూర్చి యొక్క మాట. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు, తన పేరు వెనుక. మన పాఠశాలలో ఒడిషా, బీహారు రాష్ట్రములనుండి కర్మాగారములకు వచ్చిన కార్మికుల బిడ్డలును గలరు. వారికి వంశనామము చివర. ‘మొదటి మాట ఇంటిపేరు’ అను నియమము మనకు సరిపోయి వారిని తలక్రిందులు చేయును. ‘చివరి మాట ఇంటిపేరు’ అనునది వారికి సరిపోయి మనలను చెఱచును. వరుసనుబట్టి అర్థమును ఊహించు నియమము లన్నియు ఇట్టివే. ‘ఇంటిపేరు’ అని యొక ట్యాగు పెట్టి అడుగుడు, ఊహింపకుడు. ఒంటిపేరు మాత్రమే గల బిడ్డయు నుండవచ్చును. ఆ ట్యాగు లేకుండుటకును నియమములో చోటుండవలెను.

ఇక విద్యార్థులకు. ఈ విద్యను పాఠ్యపుస్తకములోని నిర్వచనములు వల్లించి నేర్వలేరు. నేను తొమ్మిదవ తరగతివారికి కాగితముపై నేర్పుచున్న విధము చెప్పెదను. తెలుగు వికీపీడియా 2003వ సంవత్సరము డిసెంబరు నెలలో మొదలైనది. దానిలోని యే వ్యాసమునైనను ఎక్స్‌ఎమ్‌ఎల్ రూపమున దింపుకొనుటకు ఎగుమతి యను ప్రత్యేకపుట కలదు, రుసుము లేదు. గుమ్మడిదలను గూర్చిన వ్యాసమును దింపి అచ్చు వేసి పంచెదను. అందు ‘పేజ్’ అను ట్యాగు. దాని లోపల ‘టైటిల్’, ‘ఐడి’, తరువాత ‘రివిజన్’. రివిజన్ లోపల మరల ఒక ‘ఐడి’. ఆ తరువాత ‘కాంట్రిబ్యూటర్’, అనగా ఆ కూర్పును వ్రాసినవారు. దాని లోపల ఇంకొక ‘ఐడి’. ఒకే మాట మూడుచోట్ల: పుటకు సంఖ్య, కూర్పునకు సంఖ్య, మనిషికి సంఖ్య. ‘పుటల సంఖ్యలను మాత్రమే తీయుటకు నియమము వ్రాయుడు’ అని యడుగగానే సగముమంది నావలెనే నక్షత్రము పెట్టుదురు. అప్పుడు ఒక బాలుని యంత్రముగా నిలిపి, పలకలను దొంతిగా పేర్పించి, వారి నియమమును నడిపించెదను. పుట సంఖ్య వ్రాయబడును, కూర్పు సంఖ్య దానిని చెరుపును, మనిషి సంఖ్య దానిని చెరుపును. చివరకు పుట స్థానమున మనిషి మిగులును. పేరు నమోదు చేసికొనక వ్రాసినవారి పాతకూర్పులలో మనిషి సంఖ్యకు బదులుగా వారి కంప్యూటరు చిరునామా మాత్రమే యుండును. అక్కడ కూర్పు సంఖ్య మిగులును. మన వసతిగృహపు బాలుర కథయే యిది. పిల్లలు దానిని తమంతట పట్టుకొన్నప్పుడు వారి కన్నులలో వెలుగు చూడవలెను.

ఈ పాఠమునకు ఇద్దఱు ఆక్షేపకులున్నారు. ఎక్స్‌ఎమ్‌ఎల్ పాతబడినది, ఇప్పుడు జేసన్ వచ్చినదని యొకరు. నిజమే, ఆదాయపుపన్ను శాఖవారు కూడ 2021వ సంవత్సరమున తమ రిటర్నుల నింపు సాధనములను జేసన్ రూపమునకు మార్చిరి. కాని జేసన్‌లోను ఒకదాని కడుపులో నొకటి ఇముడును, ‘పేరు’ అనునది పదిచోట్ల నుండును, దారి చెప్పకతప్పదు. కుండ మాఱినది, దొంతి మాఱలేదు. రెండవవారు, ఇట్టి నియమములను కృత్రిమమేధయే క్షణములో వ్రాసియిచ్చుచుండగా బాలురకెందుకీ శ్రమ యందురు. నేనును దానిని అడిగి చూచితిని. చక్కగనే వ్రాసినది, ఒక్కొక్కప్పుడు నక్షత్రమును పెట్టినది. ఆ నక్షత్రము ఎచట మోసము చేయునో కనిపెట్టుటకు పలకల దొంతిని ఒక్కసారియైన చేత పట్టినవాడు కావలయును. వ్రాయువాడు యంత్రమైనను చదువువాడు మనిషి కావలెను. ఈ కారణముననే నియమములను ప్రోగ్రాము నడుమ దాచక వేఱొక పత్రమున ఉంచవలెనని నేను పట్టుబట్టుచుందును. డైజెస్టరులో అట్లు చేయుటకు వీలున్నది. మా గుమాస్తాగారికి జావా రాదు. అయినను నియమముల పత్రమును చదివి, ‘సంరక్షకుడు అను దారికి ఇందేమియు లేదే’ అని పోయిన యేడు వారే చూపిరి. మేనమామల యింట పెరుగుచున్న బిడ్డల వివరములు వారి వలననే నిలిచినవి.

వచ్చు జూన్ నెలనుండి ఎనిమిదవ తరగతికి కూడ వారమున కొక గంట ఇమ్మని ప్రధానోపాధ్యాయులవారిని కోరియున్నాను. కంప్యూటర్లు అక్కఱలేదు, పలకలు చాలును. తల్లిదండ్రులకు నా మనవి: ప్రవేశపత్రము నింపునప్పుడు ‘పేరు’ అను గడి కనబడినచో, దాని పైనున్న శీర్షిక నొకసారి చదివి నింపుడు. సంరక్షకుని గడి వేఱుగా నున్నది. తండ్రి లేనిచోట తండ్రి గడిలో వేఱొకరి పేరు వ్రాయవలదు, ఖాళీగా విడిచి మాతో చెప్పుడు. ఆ ఖాళీకి మా యొద్ద నియమమున్నది.